అవే చెట్లు, మళ్లీ మళ్లీ: రామన్ సుకుమార్ అడవి పరిశోధన

(బెంగళూరులో తెలుగువాళ్ల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లలు కింద కూర్చున్నా పరవాలేదు.

నేను వృక్షశాస్త్రం పాఠాలు చెప్పుకునే మనిషిని. అడవులు, వాతావరణ మార్పు గురించి మాట్లాడమని అడిగారు. ఆ మాట వినగానే మనకు గుర్తొచ్చేది ఏమిటి? మొక్కలు నాటడం. జూన్ 5, పర్యావరణ దినోత్సవం వస్తే ఒక గుంత, ఒక మొక్క, ఒక ఫోటో. నాటొద్దని నేను అనను. కానీ ఆ మొక్క పదేళ్ల తర్వాత ఏమైందో ఎవరైనా చూశారా? నాటినవాళ్లే తిరిగి వెళ్లి చూశారా? ఇవాళ నేను చెప్పేది అలా తిరిగి వెళ్లి చూసిన ఒక శాస్త్రవేత్త గురించి. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. 1988లో మొదలుపెట్టి ఏటేటా, అవే చెట్ల దగ్గరికి వెళ్లి, ఏది బతికింది, ఏది పోయింది, ఏది కొత్తగా మొలిచింది అని లెక్క రాయించిన మనిషి. పేరు రామన్ సుకుమార్. ఎక్కడో అమెరికాలో కాదు, మన యశ్వంతపూర్ పక్కనే, పాతవాళ్లు టాటా ఇన్‌స్టిట్యూట్ అనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో.

ఆయన పుట్టింది 1955లో, చెన్నైలో. పరిశోధనకు బెంగళూరు వచ్చారు. మాధవ్ గాడ్గిల్ దగ్గర పీహెచ్‌డీ చేశారు. గాడ్గిల్ పేరు మీరు వినే ఉంటారు, పశ్చిమ కనుమల నివేదిక ఆయనదే. 1983లో ఇన్‌స్టిట్యూట్‌లో పర్యావరణ శాస్త్రాల కేంద్రం మొదలైంది. సుకుమార్ పని అంతా దాని చుట్టూ అల్లుకుంది.

మొదట ఆయన పట్టుకున్నది చెట్లను కాదు, ఏనుగులను. 1980ల మొదట్లో చామరాజనగర్, సత్యమంగలం అడవుల్లో ఏనుగుల వెంట తిరిగారు. ఆయనకు ఉన్న ప్రశ్న సూటిగా రైతు అడిగే ప్రశ్నే: అడవిలో మేత ఉండగా ఏనుగు నా చేలోకి ఎందుకు వస్తుంది? తేలింది ఏమిటంటే, ఆడ ఏనుగుల మందల కన్నా ఒంటరి మగ ఏనుగులు చేలమీద పడటం ఎన్నో రెట్లు ఎక్కువ. ఎందుకు? అడవి గడ్డి కన్నా రాగి చేలో మాంసకృత్తులు ఎక్కువ, ఉప్పు ఎక్కువ. ఒళ్లు పెంచుకున్న మగ ఏనుగుకే ఆడ ఏనుగులు దక్కుతాయి. అందుకని టపాకాయలకూ తుపాకులకూ ఎదురెళ్లి అయినా చేలోకి వస్తుంది. పిల్లలు వెంట ఉన్న ఆడ ఏనుగు అంత తెగించదు.

మీలో కుప్పం, పలమనేరు వైపు వాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ, చేతులు లేస్తున్నాయి. మీకు ఇదంతా చెప్పక్కర్లేదు. 1980లలో కర్ణాటక, తమిళనాడు అడవుల నుంచి ఏనుగులు మీ వైపు వచ్చాయి. అంతకుముందు ఎన్నో తరాలుగా చిత్తూరు జిల్లాలో అడవి ఏనుగు లేదు. తర్వాత అక్కడే కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. మొన్న 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం మన ఆంధ్రప్రదేశ్‌కు కుంకీలను, అంటే అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగులను అప్పగించిందే, ఆ కార్యక్రమం ఇక్కడ విధానసౌధ దగ్గరే జరిగింది. అంటే నలభై ఏళ్లయినా ఆ సమస్య మనతోనే ఉంది. సుకుమార్ అడిగిన ప్రశ్న ఇంకా పాతబడలేదు.

సరే, ఏనుగుల మనిషి వాతావరణం దగ్గరికి ఎలా వచ్చాడు? ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. కొంచెం ఓపికగా వినండి, ఇక్కడ కాస్త కెమిస్ట్రీ ఉంది.

ఏనుగు గడ్డి తింటుంది, ఆకులు తింటుంది, బెరడు తింటుంది. ఏది ఎంత తింటుందో ఎలా తెలుసుకోవాలి? దూరం నుంచి బైనాక్యులర్‌తో చూసి రాసుకోవచ్చు. కానీ రాత్రి? దట్టమైన పొదల్లో? అక్కడే ఒక దారి దొరికింది. గాలిలోని కార్బన్‌లో రెండు రకాలు ఉంటాయి, కార్బన్ 12, కార్బన్ 13. రెండోది కొంచెం బరువు. మొక్కలు బొగ్గుపులుసు వాయువును పీల్చుకునే పద్ధతులు కూడా ముఖ్యంగా రెండు. వరి, గోధుమ, వేరుశనగ, దాదాపు చెట్లన్నీ ఒక పద్ధతి, దాన్ని సీ3 అంటాం. రాగి, జొన్న, మొక్కజొన్న, చెరకు, మన వేడి ప్రాంతాల గడ్డి చాలావరకు ఇంకో పద్ధతి, సీ4. సీ3 మొక్కలు బరువు కార్బన్‌ను బాగా వదిలేస్తాయి. సీ4 మొక్కలు అంతగా వదలవు. కాబట్టి అన్నం తిన్న ఒంట్లోని కార్బన్ వేరు, రాగి సంకటి తిన్న ఒంట్లోని కార్బన్ వేరు. ఏనుగైనా అంతే. ఎముకలోని కొల్లాజన్ అనే మాంసకృత్తును తీసి ఆ రెండు కార్బన్‌ల నిష్పత్తి కొలిస్తే, ఆ జంతువు ఏళ్ల తరబడి గడ్డి మీద బతికిందా, ఆకు మీద బతికిందా తెలుస్తుంది.

అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రిసెర్చ్ లేబరేటరీ శాస్త్రవేత్త ఆర్. రమేశ్‌తో కలిసి సుకుమార్ ఈ పని చేశారు. ఏనుగు మన కళ్ల ఎదుట గడ్డి మేస్తూ కనిపించినా, దాని ఎముకల్లోకి చేరిన మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం ఆకు, బెరడు లాంటి మేత నుంచి వస్తోందని తేలింది. చూసింది ఒకటి, ఒంటికి పట్టింది ఒకటి. గడ్డి మైదానం ఉంటే చాలు ఏనుగుకు అనుకునేవాళ్లకు ఇది పెద్ద సమాధానం. చెట్లూ పొదలూ కూడా ఉండాలి.

ఇప్పుడు చూడండి, అదే కొలతను ఆయన ఎక్కడికి తీసుకెళ్లారో. ఎముక నుంచి మట్టికి.

ఊటీ మీలో చాలామంది వెళ్లే ఉంటారు. బొటానికల్ గార్డెన్, బోటు షికారు, చాక్లెట్లు. ఆ ఊరి చుట్టూ రెండు వేల మీటర్ల పైన లోయల్లో బురద నేలలు ఉన్నాయి. ఏడాది పొడుగునా నీళ్లు నిలిచి ఉంటాయి. చచ్చిన గడ్డీ ఆకూ ఆ నీళ్లలో పూర్తిగా కుళ్లవు. గాలి అందదు కదా. ఏటేటా పొర మీద పొర పేరుకుంటాయి. దాన్నే పీట్ అంటారు. పైపొర నిన్నటిది, అడుగుపొర వేల ఏళ్లనాటిది. శాండినల్లా లాంటి లోయల్లో ఆ పీట్‌ను నిలువునా తవ్వి, పొర పొరకూ వయసు కట్టి, పొర పొరకూ కార్బన్ నిష్పత్తి కొలిచారు. సీ4 ఎక్కువగా ఉంటే ఆ రోజుల్లో అక్కడ గడ్డి రాజ్యం చేసింది, సీ3 ఎక్కువగా ఉంటే చెట్లూ తేమ కోరే మొక్కలూ పెరిగాయి.

ఈ పని 1993లో నేచర్ పత్రికలో వచ్చింది. సుకుమార్, రమేశ్, పంత్, రాజగోపాలన్, ఈ నలుగురి పేర్లతో. సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట, మంచుయుగం ముమ్మరంగా ఉన్నప్పుడు నీలగిరులు పొడిగా ఉన్నాయి, గడ్డి ఎక్కువ. మంచుయుగం ముగిసి నైరుతి రుతుపవనాలు బలపడ్డాక తేమ పెరిగింది, చెట్లు విస్తరించాయి. తర్వాత మళ్లీ పొడి దశ. అంటే ఆ కొండల మీద అడవీ గడ్డీ వాన మీద ఆధారపడి ముందుకూ వెనక్కూ జరుగుతూ వచ్చాయి.

వాన ఒక్కటే కాదు. మంచుయుగంలో గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్లలో 190 పాళ్లు కూడా లేదు. అంత తక్కువ ఉన్నప్పుడు సీ4 గడ్డికి లాభం, చెట్లకు నష్టం. పరిశ్రమలు రాకముందు అది 280. ఇప్పుడు 420 దాటింది. ఇరవై వేల ఏళ్ల పీట్‌లో ఎక్కడా లేని పరిస్థితి ఇది. అప్పటి మార్పులకు వేల ఏళ్లు పట్టింది, ఇప్పటిది మన తాతల కాలం నుంచి మన కాలానికి జరిగిపోయింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఊటీ చుట్టుపక్కల ఆ గడ్డి కొండలను చూసి 19వ శతాబ్దంలో బ్రిటిష్‌వాళ్లు ఏమనుకున్నారు? ఎవరో అడవి నరికేశారు, ఇదంతా బంజరు అనుకున్నారు. నీలగిరి తైలం చెట్లూ, వాటిల్ చెట్లూ నాటారు. స్వాతంత్ర్యం వచ్చాక మనవాళ్లూ ఆ పని ఆపలేదు. కాగితం గుజ్జుకూ, తోళ్లు పదును చేయడానికీ చెట్లు కావాలన్నారు. ఆ గడ్డి నేలలు చాలా భాగం చెట్ల తోటల కింద పోయాయి. కానీ పీట్ ఏం చెప్పింది? ఆ గడ్డి మనిషి గొడ్డలితో వచ్చింది కాదు. మంచుయుగం నుంచి ఉన్నది. నీలగిరి తార్ అనే కొండమేక ఆ గడ్డి మీదే బతుకుతుంది. వాన నీటిని పట్టి ఉంచి మెల్లగా వాగుల్లోకి వదిలేదీ ఆ గడ్డీ, లోయల్లోని షోలా అడవీ కలిసే. అక్కడ చెట్టు నాటడం మేలు కాదు, నష్టం. అందుకే మొక్కలు నాటే కార్యక్రమం అనగానే నేను మొదట అడిగేది, ఎక్కడ, ఏ మొక్క, అంతకుముందు అక్కడ ఏముంది అని. ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేకుండా నాటకూడదు. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ముదుమలై.

బెంగళూరు నుంచి ఊటీకి బస్సులో వెళ్తే మైసూరు, గుండ్లుపేట దాటాక బండీపూర్ వస్తుంది. వాగు దాటితే తమిళనాడు, అదే ముదుమలై. కిటికీలోంచి చూస్తే ఎండాకాలంలో బోసిగా, వానాకాలంలో పచ్చగా ఉండే అడవి. ఆకు రాల్చే అడవి. మన నల్లమల లాంటిదే. టేకు, నల్లమద్ది, చిరుమాను, ఉసిరి, రేల. మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన చెట్లే.

పనామాలో బారో కొలరాడో అని ఒక ద్వీపం ఉంది. 1980 ప్రాంతంలో స్టీఫెన్ హబెల్, రాబిన్ ఫాస్టర్ అనే ఇద్దరు అక్కడ 50 హెక్టార్ల అడవిని గీత గీసి, అందులో ప్రతి చెట్టునూ కొలవడం మొదలుపెట్టారు. మామూలుగా అడవి సర్వే అంటే ఇక్కడ కొంచెం అక్కడ కొంచెం నమూనా తీసుకోవడం. వీళ్లు అలా కాదు, అందులో ఉన్న ప్రతి చెట్టూ. అదే పద్ధతిలో 1988లో సుకుమార్ ముదుమలైలో 50 హెక్టార్లు తీసుకున్నారు. ఒక కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు. మన లెక్కలో నూట ఇరవై ఎకరాల పైచిలుకు. ఇవాళ ప్రపంచమంతా ఇలాంటి స్థలాలు 70కి పైగా ఉన్నాయి. తొలినాళ్లలో మొదలైనవాటిలో మన ముదుమలై ఒకటి. పనామా అడవిలో రెండు లక్షలకు పైగా చెట్లు, సుమారు 300 జాతులు. ముదుమలైలో మొదటి లెక్కకు వచ్చినవి పాతిక వేలకు పైగా, జాతులు 70కి అటూ ఇటూ. తక్కువే. కానీ ఎండకూ నిప్పుకూ ఏనుగుకూ తట్టుకుని నిలబడే అడవి అది. వేడెక్కుతున్న భూమి మీద ఏం జరగబోతోందో చూడాలంటే అలాంటి అడవే చూడాలి.

కొలవడం అంటే ఎలాగో చెబుతాను, ఎందుకంటే ఈ పని ఎంత ఓపికతో కూడుకున్నదో అర్థం కావాలి. మొదట ఆ స్థలాన్ని ఇరవై మీటర్ల చదరాలుగా విడగొట్టారు. అలాంటివి 1250. ఒక్కో చదరంలో ఒక సెంటీమీటరు లావు దాటిన ప్రతి మొక్కకూ నంబరు బిళ్ల. ఒక సెంటీమీటరు అంటే మీ చిటికెన వేలంత. జాతి పేరు, ఎక్కడ ఉందో మ్యాపులో గుర్తు, లావు. లావు ఎక్కడ కొలవాలి? నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున, అంటే మన రొమ్ము ఎత్తున. అక్కడ చెట్టుకు కణుపో బుడిపో ఉంటే కొంచెం జరిపి కొలిచి, ఎక్కడ కొలిచామో రాసుకోవాలి. మళ్లీ కొలిచేవాడు సరిగ్గా అక్కడే టేపు చుట్టాలి. చెట్టు ఏడాదికి పెరిగేది కొన్ని మిల్లీమీటర్లు. టేపు నాలుగు వేళ్లు పైకి పోతే చాలు, చెట్టు సన్నబడిపోయినట్టు లెక్క వస్తుంది.

ఏటా వెళ్లి ఏది చచ్చింది, ఏది కొత్తగా ఒక సెంటీమీటరుకు చేరింది చూస్తారు. నాలుగేళ్లకోసారి అన్నిటి లావూ కొలుస్తారు. ఈ పనిలో ఏళ్ల తరబడి సుకుమార్ వెంట ఉన్నవాళ్లు హెచ్.ఎస్. సురేశ్, హెచ్.ఎస్. దత్తరాజ. వాళ్లతోపాటు ఆ అడవిలోనే పుట్టి పెరిగిన గిరిజనులు. ఆకు లేని చెట్టును బెరడు చూసి ఇది ఫలానా అని చెప్పేది వాళ్లే. పొదల వెనక ఏనుగు ఉందని గాలి వాసన బట్టి ఆపేదీ వాళ్లే. నేను విద్యార్థులను తీసుకుని ఆ అడవి వైపు వెళ్లినప్పుడు మా వెంట వచ్చిన పెద్దాయన నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోయాడు. చెయ్యి అడ్డం పెట్టాడు. మాకు ఏమీ కనిపించలేదు, ఏమీ వినిపించలేదు. చాలాసేపు అలాగే నిలబడ్డాం. తర్వాత వెదురు విరుగుతున్న చప్పుడు. ఆయన మమ్మల్ని వచ్చిన దారినే వెనక్కి నడిపించాడు. పరిశోధన పత్రాల్లో అంకెలు ఉంటాయి కదా, ఒక్కో అంకె వెనక ఇలాంటి మనిషి ఒకరు ఉంటారు. వాళ్ల పేర్లు పైకి రావాలని నా కోరిక.

సరే, ఇంత కొలిచి ఏం తెలుసుకున్నారు?

మొదటిది, కైడియా అని ఒక చెట్టు. బెండ, పత్తి కుటుంబానిదే. 1988 లెక్కలో అవి వేలల్లో ఉన్నాయి. దాని బెరడు ఏనుగులకు చాలా ఇష్టం. చీల్చి తింటాయి, కొమ్మలు విరుస్తాయి, చిన్నవాటిని తోసేస్తాయి. కొన్నేళ్లలోనే ఆ వేల చెట్లు పలచబడిపోయాయి. 1988లో ఒకసారి చూసి ఊరుకున్నవాడు ఏమని రాస్తాడు? ముదుమలైలో కైడియా దండిగా ఉంది అని. పదేళ్ల తర్వాత మొదటిసారి వచ్చినవాడు ఏమని రాస్తాడు? ఇక్కడ కైడియా అరుదు అని. ఇద్దరూ నిజమే రాశారు, ఇద్దరికీ అడవి అర్థం కాలేదు. షుగర్ ఉన్నవాళ్లు జన్మకొకసారి రక్తం పరీక్ష చేయించుకుని ఊరుకుంటారా? అడవికీ అంతే.

రెండోది నిప్పు. ఆకు రాల్చే అడవిలో ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి నేలంతా ఎండుటాకు, నిలువెత్తు ఎండుగడ్డి. 1990లలో ఆ స్థలంలో పదే పదే మంటలు వచ్చాయి. ఆ మంటల్లో పోయేవి ఎక్కువగా చిన్న మొక్కలు. పెద్ద చెట్లకు మందపాటి బెరడు ఉంటుంది, తట్టుకుంటాయి. చిన్నవి కూడా అన్నీ చావవు. పైన కాండం మాడిపోతుంది, కింద వేరు బతికి ఉంటుంది. వాన పడగానే మళ్లీ చిగురు. అయితే ఏడాది మార్చి ఏడాది కాలుతూ ఉంటే ఆ చిగురు ఎప్పటికీ చెట్టు కాదు. పైకి చూస్తే అడవి పచ్చగానే ఉంటుంది, పెద్ద చెట్లు ఉన్నాయి కదా. కానీ రేపు ఆ పెద్ద చెట్టు పడిపోతే దాని చోట నిలబడే నడివయసు చెట్టు లేదు. ఈ లోటు ఉపగ్రహం ఫోటోలో కనపడదు. కింద కూర్చుని చిటికెన వేలంత మొక్కలను లెక్కపెట్టినవాడికే తెలుస్తుంది.

మూడోది వాన. పందొమ్మిదేళ్ల లెక్కలను వానతో పోల్చి 2010లో సురేశ్, దత్తరాజ, సుకుమార్ ఒక పత్రం రాశారు. చెట్ల మరణాలకూ ఆ ఏటి వానకూ మధ్య సూటి సంబంధం వెతికితే సరిపోదని అందులో తేలింది. కరువు దెబ్బ కొన్నేళ్లు ఆలస్యంగా బయటపడుతుంది. పెద్ద చెట్టు కరువు ఏడాదిలో నిలబడే ఉంటుంది. దాచుకున్న పిండిపదార్థం ఖర్చు పెట్టుకుంటూ, ఆకులు తక్కువ వేసుకుంటూ నెట్టుకొస్తుంది. మంచి వానలు పడ్డ ఏడాదిలో చచ్చిపోతుంది. మనం ఏమనుకుంటాం? వాన బాగా పడింది కదా, ఇప్పుడెందుకు చచ్చింది, ఏదో తెగులు అనుకుంటాం. కాదు, దాని రోగం రెండు మూడేళ్ల కిందటిది. ఇది తెలియాలంటే మధ్యలో ఒక్క ఏడాది కూడా వదలకుండా లెక్క ఉండాలి.

ఇంకో సంగతి కూడా ఉంది, లంటానా. ఎర్రగా పసుపుగా గుత్తులు గుత్తులుగా పూస్తుంది, మీ కాలనీ కంచెల మీద కూడా చూసే ఉంటారు. దక్షిణ అమెరికా వైపు నుంచి అందం కోసం తెచ్చిన మొక్క. ఇప్పుడు బండీపూర్, ముదుమలై అడవుల్లో కింది భాగమంతా అల్లుకుపోయింది. గడ్డిని ఎదగనివ్వదు. ఎండితే మంటను నేల నుంచి కొమ్మలకు ఎక్కిస్తుంది. వేడి, కరువు, మంట, లంటానా, ఇవి విడివిడిగా రావు. ఒకదాన్ని ఒకటి తోడుకుంటాయి.

ఇక రాబోయే కాలం సంగతి. 2006లో ఇన్‌స్టిట్యూట్‌లోని ఎన్.హెచ్. రవీంద్రనాథ్, సుకుమార్, మరికొందరు కలిసి దేశంలోని అడవులన్నిటి మీదా ఒక అంచనా వేశారు. దేశాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఈ శతాబ్దం చివరికి ఉండే వేడినీ వాననీ కంప్యూటర్ నమూనాలో పెట్టి, అప్పటికి ఆ గడిలో ఏ రకం అడవికి అనువుగా ఉంటుందో చూశారు. ఉద్గారాలు ఎక్కువగా ఉండే దారిలో వెళ్తే అడవి ఉన్న గళ్లలో 77 శాతం, కొంచెం తక్కువగా ఉండే దారిలో అయితే 68 శాతం చోట్ల అడవి రకం మారవచ్చని వచ్చింది. దీన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. 77 శాతం అడవులు పోతాయని కాదు. ఇవాళ అక్కడున్న చెట్లకు రేపటి వాతావరణం సరిపడదని. తర్వాత వచ్చిన నమూనాల్లో ఆ శాతాలు మారాయి, ఇంకా మారతాయి. నమూనా అంటే అదే. కానీ చూడండి, ఆ నమూనా చెప్పింది నిజమో కాదో ఎవరు తేల్చాలి? నంబరు బిళ్ల కట్టిన ఆ చెట్లే తేల్చాలి. కంప్యూటర్‌కు ఏనుగు తెలియదు, లంటానా తెలియదు, మార్చిలో ఎవడో పారేసిన బీడీ తెలియదు.

చెట్టు నడవలేదు కదా అంటారు. విత్తనం నడుస్తుంది. పక్షి మోస్తుంది, ఏనుగు పేడలో మోస్తుంది, గాలి మోస్తుంది. తరం తరానికి అడవి కొంచెం కొంచెంగా జరుగుతుంది. పీట్ చెప్పిందీ అదే కదా. కానీ అప్పుడు మధ్యలో రోడ్డు లేదు, రిసార్టు లేదు, కరెంటు కంచె లేదు. సుకుమార్ ఏనుగుల దారులను కాపాడాలని ఇన్నేళ్లుగా చెబుతున్నది ఏనుగు కోసం మాత్రమే అనుకోకండి. ఏనుగు నడిచే దారే విత్తనం నడిచే దారి. నీలగిరి ప్రాంతం 1986లో దేశంలో మొదటి జీవావరణ రిజర్వ్ అయింది. ముదుమలై, బండీపూర్, నాగరహోళె, వయనాడ్ అన్నీ కలిసి ఉండటమే దాని బలం. తడి అడవి నుంచి ముళ్ల అడవి దాకా కొద్ది కిలోమీటర్లలో అన్నీ ఉన్నాయి. జరగడానికి చోటుంది. ఆ చోటును ముక్కలు చేయకూడదు.

ఆయనకు గుర్తింపు లేకపోలేదు. 2006లో జపాన్ వాళ్ల అంతర్జాతీయ కాస్మోస్ బహుమతి వచ్చింది. 2007లో నోబెల్ శాంతి బహుమతి పంచుకున్న ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి బృందం నివేదికలకు పనిచేసిన శాస్త్రవేత్తల్లో ఆయనా ఉన్నారు. ఇవి మంచివే. నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం ఏటేటా సాగిన ఆ లెక్క. మన దగ్గర ప్రాజెక్టు అంటే మూడేళ్లు, మహా అయితే అయిదేళ్లు. డబ్బు ఆగితే పని ఆగుతుంది. కొత్త యంత్రం కొంటామంటే డబ్బు ఇస్తారు, అవే చెట్లను మళ్లీ కొలుస్తామంటే ఇందులో కొత్తేముంది అని అడుగుతారు. కొత్త లేకపోవడమే దాని విలువ అండీ! 2030 నాటికి అడవులూ చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును పట్టి ఉంచుతామని మన దేశం ప్రపంచానికి మాట ఇచ్చింది. చెట్టు ఎండు బరువులో దాదాపు సగం కార్బన్. ఆ చెట్టు ఎంత లావు పెరిగింది, ఎన్ని చచ్చాయి తెలియకుండా ఆ మాట నిలబెట్టుకున్నామో లేదో ఎవరు చెప్పగలరు? నల్లమలలో, శేషాచలంలో, పాపికొండల్లో ఇంత కాలం, ఇంత పట్టుగా ఏటేటా కొలిచే పని జరగాలి. మన విశ్వవిద్యాలయాలకు ఆ శక్తి ఉంది, పిల్లలు ఉన్నారు, అడవి పక్కనే ఉంది.

ఇందాక ఒకమ్మ అడిగారు, మరి మేం ఏం చేయగలం అని. యాభై హెక్టార్లు అక్కర్లేదమ్మా. సీజన్‌వాచ్ అని ఒక కార్యక్రమం ఉంది, దేశమంతా బడిపిల్లలూ పెద్దవాళ్లూ చేస్తున్నారు. మీ వీధిలో ఒక చెట్టును ఎంచుకోండి. రేల, వేప, చింత, కానుగ, మామిడి, ఏదైనా. వారానికోసారి వెళ్లి చూడాలి. కొత్త చిగురు ఉందా, మొగ్గ ఉందా, పువ్వు ఉందా, కాయ ఉందా. కొంచెమా, ఎక్కువా. అంతే, రాసి పంపాలి. రేల చెట్టు ఎండాకాలంలో పూయాలి. మన జయనగర్‌లో, మల్లేశ్వరంలో ఏ నెలలో పూస్తోంది? ముందుకు జరిగిందా? ఒక్క ఏడాది చూస్తే ఏమీ తెలియదు. పదేళ్లు చూస్తే తెలుస్తుంది. పిల్లలు ఎనిమిదో తరగతిలో మొదలుపెడితే ఇంజనీరింగ్ అయ్యేసరికి ఆ చెట్టు గురించి వాళ్ల దగ్గర ఉన్న లెక్క ఇంకెవరి దగ్గరా ఉండదు. బయట బల్ల మీద ఒక కాగితం పెట్టాను. ఎవరు ఏ చెట్టు చూస్తారో, ఏ వీధిలోదో అందులో రాసి వెళ్లండి. వచ్చే నెల సమావేశానికి మొదటి నాలుగు వారాల లెక్కలు తీసుకురండి, కలిసి చూద్దాం.

ఇక మీ ప్రశ్నలు. కుప్పం వాళ్లు చేతులు ఎత్తారు కదా, మీ నుంచే మొదలుపెడదాం.